దయ్యానికి పంచనామా

"దయ్యాల ఫిలిములలో మరేవీ నిజంగా భయపెట్టవు, ఫౌండ్ ఫుటేజ్ ఫిలిములొక్కటే భయపెడతాయి" అనే వాదన ఈ మధ్య మన యువకులలో బాగా వినిపిస్తున్నది. "వాటిలో భయమేమిటి? గంటసేపు తలుపుకేసి చూడటం, చివర కెమెరా కింద పడటం, అంతేగా!" అని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. ఇక అభ్యుదయవాదులమనుకునేవాళ్ళలో చాలామంది అసలు చర్చలోకే రారు. "దయ్యాలు లేవు. లేనివాటిని గురించి తీసిన ఫిలిం భయపెడితే నేం, పెట్టకపోతే నేం?" అంటారు. ఈ ముగ్గురూ పొరపడుతున్నారని చెప్పటానికే ఈ వ్యాసం. ముగ్గురిలో మూడోవాళ్ళ పొరపాటే అన్నిటికన్నా పెద్దదని నా అభిప్రాయం.

ముందుగా ఈ ఫిలిములేమిటో చెప్పాలి. ఫౌండ్ ఫుటేజ్ అంటే దొరికిన ఫిలిం అని అర్థం. కొందరు కెమెరా పట్టుకుని ఎక్కడికో వెళ్ళారు, లేదా తమ ఇంట్లోనే కెమెరా పెట్టుకున్నారు. వాళ్ళకేదో అయింది. వాళ్ళు లేరు, వాళ్ళు తీసింది మాత్రం దొరికింది. దాన్నే మనకు చూపిస్తున్నారు. ఇందులో దర్శకుడు లేడు, నటులు లేరు, పాటలు లేవు, నేపథ్య సంగీతం లేదు. నిజానికి ఇవన్నీ ఉండి కూడా లేనట్టు నమ్మించటమే ఈ పద్ధతిలోని కిటుకు. 1999లో డేనియల్ మిరిక్, ఎడువార్డో సాంచెజ్ అనేవాళ్ళు తీసిన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'తో ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఓరెన్ పెలీ 2007లో 'పారానార్మల్ యాక్టివిటీ' తీశాడు. అది 2009లో అమెరికా థియేటర్లకు వచ్చింది. హిందీలో 2011లో 'రాగిణి ఎమ్మెమ్మెస్', కన్నడంలో 2013లో '6-5=2' వచ్చాయి. తెలుగులో ఈ పద్ధతి ఇంకా వేళ్ళూనలేదు గాని, దయ్యాల కొంపనూ టీవీ కెమెరాలనూ కలిపిన కథ మనకూ ఉంది. 2015లో వచ్చిన 'రాజుగారి గది'లో ఒక టీవీ చానలు పోటీ పెట్టి మనుషుల్ని దయ్యాల బంగళాకు పంపుతుంది.

తెనాలి నుంచి గుంటూరు పోయే రైలు దారిలో ఉన్న మా అంగలకుదురులో, సెలవులకు ఇళ్ళకు వచ్చిన నలుగురు కాలేజీ కుర్రాళ్ళతో ఈ విషయమై నాకు వాదన వచ్చింది. "మాస్టారూ, మీరు చూడకుండా మాట్లాడుతున్నారు. పగలు చూసినా లాభం లేదండీ. రాత్రిపూట లైట్లార్పి చూడండి, అప్పుడు మాట్లాడండి" అన్నాడు వాళ్ళలో ఒకడు. ఆ మాటలో న్యాయం ఉంది. చూడని ఫిలింను విమర్శించటం మన విమర్శకులకు అలవాటే గాని, మంచి అలవాటు కాదు. ఆ రాత్రి వాళ్ళతోపాటు కూర్చుని 'పారానార్మల్ యాక్టివిటీ' చూశాను.

భయపడ్డాను. నా వయస్సుకూ, నా సిద్ధాంతాలకూ చిన్నతనమని ఆ సంగతి దాచను. పడకగదిలో మూడుకాళ్ళ పీట మీద కెమెరా. మంచం మీద ఆలూమగల్లా ఒక జంట నిద్రపోతూ ఉంటారు. తెర మూల గడియారం అంకెలు పరిగెడుతూ ఉంటాయి. అవి ఒకచోట నెమ్మదిస్తాయి. తలుపు జానెడు కదులుతుంది, మళ్ళీ వెనక్కు పోతుంది. అంతే. ఆ రాత్రి ఇంటికి పోతూ కాలవ గట్టు మీద రెండుసార్లు వెనక్కు తిరిగి చూశాను. కనక ఈ ఫిలిములు భయపెట్టవనేవాళ్ళ వాదన నా మటుకు నాకు అబద్ధమని తేలిపోయింది.

అయితే భయపడటంతో సమస్య తీరలేదు. వెనక నుంచి లారీ హారన్ కొట్టినా ఉలిక్కిపడతాం. అంతమాత్రాన లారీ హారన్ను కళాఖండం అనం. మన పాత లాక్షణికులు కూడా ఈ తేడా ఎరుగుదురు. భయాన్ని స్థాయీభావమన్నారు, భయానకాన్ని రసమన్నారు. ఉత్త భయం ఎవడికైనా కలుగుతుంది. అది భయానకం కావాలంటే ఎవరి భయమో, దేనివల్ల వచ్చిందో, ఆ మనిషి దాన్ని ఎలా భరించాడో మనకు తెలియాలి. మర్నాడు ఉదయం నన్ను నేను అడిగిన ప్రశ్న ఇదే: రాత్రి నేను దేనికి భయపడ్డాను?

దయ్యానికి కాదు. దయ్యాన్ని నేను చూడనేలేదు. తలుపు కదలటం మన సినిమాలలో ఎన్నిసార్లు చూడలేదు! తెల్లచీరె, గజ్జెల చప్పుడు, కుక్కల ఏడుపు, ఈదురుగాలి, కిటికీ రెక్కలు టపటప కొట్టుకోవటం—ఇవన్నీ వచ్చినప్పుడు నాకు నవ్వే వచ్చింది. అదే తలుపు ఈ ఫిలింలో కదిలితే ఎందుకు భయపడ్డాను? తెర మూల ఉన్న గడియారం వల్ల. ఫిలిం మొదట్లో చూపిన ఒక ప్రకటన వల్ల. అందులో ఈ జంట కుటుంబాలకూ, శాన్ డియెగో నగరం పోలీసు శాఖకూ కృతజ్ఞతలు చెప్పారు. నటులకు వాళ్ళ సొంత పేర్లే పెట్టారు. గడియారాన్నీ, పోలీసు శాఖనూ తీసేస్తే మిగిలేది గాలికి కదిలే తలుపు. నన్ను భయపెట్టింది దయ్యం కాదు, దానికి వేసిన సర్కారు ముద్ర.

ఈ రహస్యం ఆ ఫిలిములు తీసేవాళ్ళకు బాగా తెలుసు. 'బ్లెయిర్ విచ్' విడుదలకు ముందే, 1994లో మేరీలాండ్ అడవిలో ముగ్గురు విద్యార్థులు మాయమయ్యారని ఇంటర్నెట్టులో ప్రచారం చేశారు. తప్పిపోయినవాళ్ళ ఫొటోలతో కరపత్రాలు పంచారు. 1992 అక్టోబరు 31 రాత్రి బీబీసీ 'ఘోస్ట్‌వాచ్' అనే నాటకాన్ని ప్రత్యక్ష ప్రసారంలాగా ప్రసారం చేసింది. జనం ఏళ్ళ తరబడి చూస్తున్న మైకేల్ పార్కిన్‌సన్ అందులో తానుగానే కూర్చుని, దయ్యం పట్టిన ఇంటి వార్తలు చెప్పాడు. ఎంతోమంది నిజమనుకున్నారు. ఆ తరువాత దాన్ని బ్రిటిష్ టెలివిజన్ మళ్ళీ ప్రసారం చెయ్యలేదు. ఈ ఉదాహరణలన్నిటిలోనూ దయ్యం పని బహు స్వల్పం. పనంతా చేసింది నమ్మకం: వార్త మీద, కెమెరా మీద, తేదీ మీద, తెలిసిన ముఖం మీద మనకున్న నమ్మకం.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నా వాదన ఎక్కడ నుంచి వచ్చిందో పాఠకుడికి తెలియదు.

నేను చిన్న బడిలో చదివే రోజుల్లో మా మేనత్త అత్తగారి ఊళ్ళో బావిలో పడి చనిపోయింది. శవ పంచాయతీ చేసి పంచనామా రాశారు. అందులో తేదీ ఉంది, వేళ ఉంది, బావి లోతు ఉంది, శవం ఏ వైపు తలపెట్టి తేలిందో ఉంది, అయిదుగురు పెద్దమనుషుల సంతకాలున్నాయి. చివర కారణం కూడా ఉంది: చాలా కాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, ఆ బాధ తాళలేక బావిలో పడింది. ఆ రోజుల్లో పేపరు చదివిన ప్రతివాడికీ ఈ వాక్యం కంఠతా వచ్చు. తెలుగుదేశంలో ఎంతమంది కోడళ్ళ చావులు ఆ కడుపునొప్పి కింద జమపడ్డాయో లెక్కలేదు. మా మేనత్తకు కడుపునొప్పి లేదు. ఇస్తామన్న పొలం ఇంకా రాసివ్వలేదని ఆమెను అక్కడ పెట్టిన యాతన ఉంది. తనను వచ్చి తీసుకుపొమ్మని ఆమె మా నాన్నకు కబురు పంపింది. "కుప్పనూర్పిళ్ళు కానీ, వస్తాను" అన్నాడు మా నాన్న. నూర్పిళ్ళు కాకముందే చావు కబురు వచ్చింది.

ఆ తరువాత ఆ ఊరి ఆడవాళ్ళు ఆమె దయ్యమైందన్నారు. మాటు మణిగాక నీళ్ళకు పోయిన కోడలికి, తడిజుట్టుతో బావి గట్టు మీద కూర్చుని కనిపిస్తుందనీ, ఒకటే మాట అడుగుతుందనీ చెప్పుకునేవాళ్ళు: "మా అన్న వచ్చాడా?" మా నాన్న దయ్యాల్ని నమ్మేవాడు కాడు. కాని బతికినన్నాళ్ళూ ఆ ఊరి బస్సు ఎక్కలేదు.

ఇప్పుడు ఈ రెండు సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. పంచనామాలో ప్రతి అంకే నిజం, మొత్తం అబద్ధం. దయ్యం కథలో ప్రతి వివరమూ అబద్ధం. దయ్యం లేదు, తడిజుట్టు లేదు, అడిగిన గొంతు లేదు. అయినా, ఒక ఆడపిల్ల సాయం కోసం ఎదురుచూసి చచ్చిపోయిందన్న సత్యాన్ని ఆ ఊళ్ళో దాచి ఉంచింది ఆ కథ ఒక్కటే. చదువురాని ఆడవాళ్ళకు కోర్టు లేదు, కాగితం లేదు, సాక్షి సంతకం లేదు. పెద్దమనుషులు కడుపునొప్పి అని రాసిపెట్టిన చావుకు వాళ్ళు తమకు చేతనైన పద్ధతిలో ఇంకొక నివేదిక రాసుకున్నారు. మన పల్లెల్లో బావి దయ్యాల కథలు చాలావరకు ఇలా పుట్టినవేనని నేననుకుంటాను.

ఈ ఫౌండ్ ఫుటేజ్ ఫిలిములు ఏ జాతికి చెందుతాయి? దయ్యం కథ జాతికి అని అందరూ అనుకుంటున్నారు. పంచనామా జాతికి అని నేనంటాను. తేదీ, వేళ, స్థలం, సాక్షులు, పోలీసు శాఖ, అన్నీ ఉన్నాయి. చచ్చినవాళ్ళు ఎందుకు చచ్చారో మాత్రం లేదు. దయ్యం కథ ఎప్పుడూ "ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు. ఈ ఫిలిములలో చాలావరకు ఆ ప్రశ్న రానివ్వవు. దయ్యం ఎవరిదో, దానికెవరేం అన్యాయం చేశారో చెప్పకపోవటమే గొప్ప అని పొగిడే విమర్శకులున్నారు. కడుపునొప్పి అని రాసినవాళ్ళు కూడా అలాగే క్లుప్తంగా రాశారు.

అయితే పాత దయ్యాలను నేను నెత్తిన పెట్టుకుంటున్నానని ఎవరూ అనుకోవద్దు. దయ్యం కథ చెప్పిన నోటితోనే ఊరు భూతవైద్యుణ్ణి కూడా పిలిచింది. మూర్ఛరోగం ఉన్న పిల్లకు దయ్యం పట్టిందని మిరపకాయల పొగ పెట్టి, వేపమండలతో కొట్టించింది. రాత్రిపూట పొలానికి నీళ్ళు మళ్ళించటానికి లాంతరు పట్టుకుని గట్టుమీద పోయే పాలేరును దూరం నుంచి చూసి కొరివిదయ్యమన్న ఊళ్ళున్నాయి. ఆ పాలేరుకు నిద్రలేదని మాత్రం ఎవరికీ తోచలేదు. 1990ల ప్రాంతంలో ఎన్నో ఊళ్ళలో తలుపులమీద సుద్దతో, బొగ్గుతో "ఓ స్త్రీ! రేపు రా" అని రాసుకున్నారు. మా వీధిలో బడిపంతుళ్ళ ఇళ్ళ మీద కూడా ఆ రాత ఉండేది. బాణామతి, చిల్లంగి అనే అనుమానాల మీద బీదలను, ముఖ్యంగా ఒంటరి ఆడవాళ్ళను చంపిన ఉదంతాలు మనకు కొత్త కాదు. జాతీయ నేర నమోదు సంస్థ హత్యలకు కారణాలు రాసే పట్టికలో మంత్రగత్తెల నెపానికి ఈనాటికీ ఒక గడి ప్రత్యేకంగా కేటాయించవలసి వస్తున్నది. దయ్యాన్ని నమ్మటం వల్ల మేలు జరుగుతుందని నేననటం లేదు. దయ్యం కథను విని, నమ్మకుండా, అందులో ఉన్న ఫిర్యాదును పైకి తియ్యటం మన పని అంటున్నాను.

మళ్ళీ ఫిలిములకు వద్దాం. వాటిలో నిజమైన భయం బొత్తిగా లేదా? ఉంది. కాని తీసినవాళ్ళు చూపించదలుచుకున్న చోట లేదు.

'బ్లెయిర్ విచ్' చూడండి. అందులో మంత్రగత్తె కనిపించదు. కనిపించేది ముగ్గురు యువజనులు: దారి తప్పి, పటం పోగొట్టుకుని, ఆకలితో, నిద్రలేమితో ఒకరినొకరు తిట్టుకుంటూ అదే వాగు దగ్గరికి మళ్ళీ వస్తారు. ఫిలింలోకల్లా నమ్మదగిన భాగం అదే. దానికి కారణం కూడా ఉంది. ఎనిమిది రోజుల షూటింగులో ఆ నటులను నిజంగానే అడవిలో తిప్పారు, రోజురోజుకూ తిండి తగ్గించారు, రాత్రిళ్ళు వాళ్ళ డేరాను బయటి నుంచి కుదిపారు. మాటలు చాలావరకు వాళ్ళే కల్పించుకున్నారు, కెమెరా వాళ్ళే పట్టుకున్నారు. మనం చూసి భయపడింది దయ్యాన్ని కాదు, ముగ్గురు పనివాళ్ళ అలసటను. ఫిలిం సుమారు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఆ ముగ్గురూ తమకు న్యాయంగా రావలసిన వాటా ఇవ్వాలని 2024లో, అంటే 25 ఏళ్ళ తరువాత కూడా, బహిరంగంగా అడగవలసి వచ్చింది. తెరమీద మంత్రగత్తె కనిపించదు, తెర వెనక కూలి కనిపించదు. "కనిపించనిదే ఎక్కువ భయపెడుతుంది" అని ఈ ఫిలిముల అభిమానులు చెప్పే సూత్రం ఈ రెండోదానికి కూడా వర్తిస్తుందని వాళ్ళకు తోచినట్టు లేదు.

'పారానార్మల్ యాక్టివిటీ'లో కేటీ అనే అమ్మాయి తనను చిన్నప్పటి నుంచీ ఏదో వెంటాడుతున్నదని చెబుతుంది. ఆమెతో కాపురం చేసే మైకా వినడు. వినటానికి బదులు కెమెరా కొంటాడు. వద్దన్నది తెస్తాడు, చెయ్యనన్నది చేస్తాడు. ఆమె ఏడుస్తుంటే దాన్ని కూడా ఫిలిం తీస్తాడు. ఆ ఇంట్లో ఆడదాని మాటకు విలువ రావాలంటే ముందు కెమెరా ధ్రువపరచాలి. నా దృష్టిలో ఈ ఫిలిం మొత్తంలో భయంకరమైన విషయం ఇదే. పదిహేను వేల డాలర్లతో దర్శకుడు తన సొంత ఇంట్లోనే తీసిన ఈ ఫిలింలో ఇంత బలమైన వస్తువు దానంతటది వచ్చిపడింది. కాని ఫిలిం దాన్ని దాటిపోయి, చివరకు ఆ అమ్మాయినే దయ్యం చేసి మన మీదికి తోలుతుంది.

'రాగిణి ఎమ్మెమ్మెస్' ఇంకా విచిత్రమైనది. ప్రేమించానన్నవాడు అమ్మాయిని ఊరికి దూరంగా ఉన్న ఇంటికి తీసుకుపోతాడు. ఆ ఇంట్లో ఆమెకు తెలియకుండా కెమెరాలు పెట్టి ఉన్నాయి. కథ ఇక్కడే ఉంది. ఈ దేశంలో ఆడపిల్లలను నిజంగా పట్టి పీడిస్తున్న పిశాచం ఇదే. ఆ ఫిలింకు మాత్రం ఇది చాలక ఒక దయ్యాన్ని కూడా పట్టుకొచ్చింది. 2024 ఆగస్టులో కృష్ణా జిల్లాలో ఒక ఇంజనీరింగు కాలేజీ హాస్టలులో రహస్య కెమెరాలున్నాయని అనుమానం పుట్టి, ఆడపిల్లలు రాత్రివేళ బయటికి వచ్చి ఆందోళన చేశారు. వెతికితే కెమెరాలేవీ దొరకలేదని పోలీసులన్నారు. దొరక్కపోవచ్చు. కాని ఆ పిల్లలకు కలిగిన భయం లేనిదవుతుందా? స్నానాల గదిలో మేకు కన్నం చూసినా గుండె ఝల్లుమనే స్థితిలో వాళ్ళను ఎవరు పెట్టారు? ఈ ప్రశ్న వేసిన ఫిలిం ఏదైనా ఉంటే చెప్పండి, ఎన్ని దయ్యాలున్నా సహించి చూస్తాను.

ఇప్పుడు, "దయ్యాలు లేవు కనక చర్చ దండగ" అనే మిత్రులతో రెండు మాటలు.

దయ్యాలు లేవు, నిజమే. కాని నమ్మించే విద్య ఉంది. అది థియేటరులోనే ఉండిపోదు. 2018లో ఒక వీడియో మన ఫోన్లలో తిరిగింది. ఇద్దరు మనుషులు మోటారు సైకిలు మీద వచ్చి, వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. కెమెరా ఎక్కడో పైన ఉన్నట్టు, ఎవరూ కల్పించనట్టు, బొమ్మ మసకగా ఉంటుంది. నిజానికి అది కరాచీలో పిల్లల రక్షణ కోసం తీసిన ప్రచార చిత్రం. చివర ఆ మనుషులు పిల్లవాణ్ణి తెచ్చి దింపేసి, పిల్లలు జాగ్రత్త అని అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కత్తిరించారు. తీసినవాడి పేరు లేకుండా, ఎందుకు తీశారో లేకుండా, ముగింపు లేకుండా, ఉత్త "దొరికిన ఫిలిం" మిగిలింది. దానితోపాటు పిల్లల దొంగల ముఠాలు దిగాయని ఇంకా ఎన్నో పుకార్లు లేచాయి. ఆ ఏడు మే నెలలో తెలంగాణలో అమాయకులను జనం కొట్టి చంపారు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో చనిపోయినది బతుకుతెరువు కోసం వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మనిషి. చంపినవాళ్ళు రాక్షసులు కారు, పిల్లల కోసం నిజంగా భయపడినవాళ్ళు. నిజంగా భయపడటం ఎంత ప్రమాదమో ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

దయ్యాల ఫిలిముల వల్ల ఈ హత్యలు జరిగాయని నేననటం లేదు. అలా అనటం అబద్ధం. రెండింటి వ్యాకరణమూ ఒకటే అంటున్నాను. కెమెరా ఊగితే నిజం, బొమ్మ మసకైతే నిజం, చెప్పినవాడు లేకపోతే మరీ నిజం. ఈ సూత్రాలకు మన కన్ను అలవాటు పడుతున్నది. థియేటరులో ఈ అలవాటు వల్ల పోయేది టిక్కెట్టు డబ్బులు, వీధిలో ప్రాణాలు. ఆ రోజుల్లోనే జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి ఆ పుకార్లు అబద్ధమని చెప్పించారు. డప్పు కొట్టేవాడు మన ఎదురుగా ఉంటాడు. వాడి పేరు తెలుసు, వాడి ఊరు తెలుసు, వాణ్ణి ఎదురు ప్రశ్న అడగవచ్చు. ఫోనులో వచ్చిన బొమ్మను అడగటానికి లేదు.

1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసీదళం' తెలుగు పాఠకులను ఊపేసినప్పుడు, "క్షుద్రవిద్యలు లేవు కనక మాట్లాడనక్కర లేదు" అని రంగనాయకమ్మ ఊరుకోలేదు. దాని మీద పుస్తకమంత విమర్శ రాశారు. ఆమె చెప్పిన ప్రతి మాటనూ ఒప్పుకోవలసిన పనిలేదు. జనం దేనికి భయపడుతున్నారో దాన్ని విమర్శకుడు పట్టించుకోవాలి అన్న మర్యాదను మాత్రం నేర్చుకోవాలి. ఆ మర్యాద మనం మరిచిపోయాం.

ఆ నలుగురు కుర్రాళ్ళలో ఒకడు నా వాదనంతా విని, మూడు రోజుల తరువాత మరొక ఫిలిం తెచ్చాడు. "ఇది మీకు నచ్చుతుంది మాస్టారూ, ఇందులో భయం తక్కువ" అన్నాడు. అది 2008లో జోయెల్ ఆండర్సన్ ఆస్ట్రేలియాలో తీసిన 'లేక్ మంగో'. పదహారేళ్ళ పిల్ల నీళ్ళలో మునిగి చనిపోతుంది. ఇంట్లో తీసిన ఫొటోలలో, వీడియోలలో ఆ పిల్ల కనిపిస్తున్నదంటారు. కొంతసేపటికి, ఆ దయ్యం బొమ్మలు తానే కల్పించానని ఆమె తోడబుట్టినవాడు ఒప్పుకుంటాడు. ఈ పద్ధతిలో తీసిన ఫిలిమే ఈ పద్ధతిలోని మోసాన్ని బయటపెట్టటం నేనెక్కడా ఊహించలేదు. కాని బొమ్మలు వెతకగా వెతకగా వేరే సంగతి బయటపడుతుంది. పొరుగింటివాళ్ళు ఆ పిల్లను లోబరుచుకున్నారు. తనకేదో కీడు జరగబోతున్నదని ఆ పిల్ల బతికుండగానే భయపడింది, ఆ మాట పరాయివాడి దగ్గర చెప్పుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పేటట్టు ఇంట్లోవాళ్ళు లేరు. చివరకు తల్లిదండ్రులు మనసు కుదుటపడిందనుకుని ఇల్లు ఖాళీ చేసి పోతారు. ఆ ఇంటి కిటికీలో పిల్ల అలాగే నిలబడి ఉంటుంది.

ఆ ఫిలింలో తలుపు కదలలేదు. ఎవరూ అరవలేదు. ఆ రాత్రి నేను కాలవ గట్టు మీద వెనక్కు తిరిగి చూడలేదు గాని, తెల్లవార్లూ నిద్రపోలేదు. మా నాన్నను తలుచుకున్నాను. "భయం తక్కువ" అన్న కుర్రవాడితో మర్నాడు, "నాయనా, నువ్వు చూపించినవాటిలో నిజంగా భయపెట్టింది ఇదొక్కటే" అన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఒప్పుకోనక్కరలేదు. వాడికింకా ఎవరి కబురూ ఆలస్యంగా అంది ఉండదు.

కాబట్టి ఈ పద్ధతి చెడ్డదని నా తీర్పు కాదు. కెమెరా పంచనామా రాసేవాడి చేతిలో ఉందా, బావి దగ్గర కథ చెప్పుకున్న ఆడవాళ్ళ చేతిలో ఉందా అన్నదే చూడవలసినది. మొదటివాడి చేతిలో ఉన్నప్పుడు ఫిలిం ముద్ర చూపించి భయపెడుతుంది. ఆ భయం మన బుద్ధిని నిద్రపుచ్చుతుంది. రెండోవాళ్ళ చేతిలో ఉన్నప్పుడు, మనకు కళ్ళుండీ మనం చూడని మనిషిని చూపిస్తుంది. ఆ భయం బుద్ధిని లేపుతుంది.

ఈ తేడా మనవాళ్ళకు కొత్తగా నేర్పవలసినది కాదు. తెనాలి వాళ్ళయిన చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు గార్ల 'చందమామ'లో బేతాళ కథలు చదివి పెరిగినవాళ్ళం మనం. శ్మశానం, శవం, చీకటి అన్నీ అందులోనూ ఉన్నాయి. కాని బేతాళుడు కథ చెప్పి ఊరుకోడు. చివర ప్రశ్న అడుగుతాడు. తెలిసి కూడా జవాబు చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు. పిల్లలను భయపెడుతూనే న్యాయాన్యాయాలు విచారించమని నిలదీసిన దయ్యం అది. మన కుర్రాళ్ళు ఏ దయ్యం ఫిలిం చూసినా, ఫోనులో ఏ వీడియో వచ్చినా ఆ విచారణే చెయ్యాలి. దీన్ని తీసింది ఎవరు? చివర కత్తిరించింది ఏమిటి? ఇందులో ఎవరి మాట వినిపించటం లేదు? వాళ్ళకు ఈ అలవాటు చెయ్యవలసిన పూచీ విమర్శకులది. "దయ్యాలు లేవు" అని ఒక్క ముక్కలో తేల్చి చేతులు దులుపుకుంటే ఆ పూచీ తీరదు. అది కూడా కడుపునొప్పి అని రాసి సంతకం పెట్టటం లాంటిదే.